ఉచిత సామాజిక సమాచార వేదికలలో స్పామ్ నివారణ, ప్రవేశ సౌలభ్యం – సస్యరక్షణ దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలు ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నప్పటికీ, వాటి పరిసర గ్రామాల రైతుల సమస్యలు ఒకే తీరుగా ఉండవు. తెనాలి చుట్టూ ఉన్న మాగాణి భూములలో వరి తరువాత మినుము, మొక్కజొన్న సాగవుతాయి. బాపట్ల తీరప్రాంతపు ఇసుక నేలలలో వేరుశనగ, కూరగాయలు పండుతాయి. రేపల్లె వైపు కాలువల చివరి భూములలో సాగునీటి ఎద్దడి, చౌడు ప్రధాన సమస్యలు. ఆ పక్కనే రొయ్యల చెరువులు. ఒక ఊరి రైతు నేర్చిన పాఠం పొరుగు ఊరికి అక్కరకు రావాలంటే, శాస్త్రవేత్త చెప్పగా రైతు వినే ఏర్పాటు ఒక్కటే సరిపోదు. రైతు స్వయంగా అడగగలిగే, చెప్పగలిగే వేదిక కూడా కావాలి. అంతర్జాలంలో ఎవరైనా రుసుము లేకుండా చదివి, వ్రాయగలిగే సామాజిక సమాచార వేదికలు ఈ అవసరాన్ని చాలావరకు తీర్చగలవు.

అయితే తలుపు తెరిచి ఉన్న చోటికి అవసరమున్నవారితో పాటు అక్రమార్కులు కూడా వస్తారు. వ్యాపార ప్రకటనలు, మోసపు లింకులు, యంత్రాలు గుప్పించే సందేశాలు కలిసి వేదికను పనికిరానిదిగా చేస్తాయి. వీటినే స్పామ్ అని వ్యవహరిస్తున్నారు. స్పామ్‌కు భయపడి తలుపు మూసినచో వేదిక ఎవరి కోసం ఏర్పడినదో వారే ముందుగా దూరమవుతారు. ఈ రెండు నష్టాల నడుమ సమతౌల్యం సాధించే మార్గం వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలకు కొత్తది కాదు. సమగ్ర సస్యరక్షణలో వారు అనుసరిస్తున్న సూత్రాలే ఇక్కడ కూడా వర్తిస్తాయని ఈ వ్యాసం వివరిస్తున్నది.

స్పామ్ స్వభావం

వరి మాగాణులలోని మినుము పైరుపై పెరిగే బంగారుతీగకు నేలలో స్థిరమైన వేరు ఉండదు. అది పైరును చుట్టుకొని, పైరు సమకూర్చుకున్న ఆహారాన్నే పీల్చుకొంటుంది. స్పామ్ స్వభావం కూడా ఇటువంటిదే. వేదికను నిర్మించిన శ్రమ, దానికి ఏర్పడిన విశ్వసనీయత, అక్కడికి వచ్చే పాఠకులు – ఇవన్నీ ఇతరుల కష్టార్జితం. వాటిని ఖర్చు లేకుండా వాడుకొనుటయే స్పామ్ పంపేవారి లక్ష్యం. ఒక సందేశం పంపటానికి అయ్యే వ్యయం దాదాపు శూన్యం కనుక, లక్ష మందిలో ఒక్కరు మోసపోయినా వారికి లాభమే.

మూలంలోనే ఈ లాభాన్ని తగ్గించుట నివారణలో మొదటి మెట్టు. అన్వేషణ యంత్రాలలో తమ పేరు పైకి రావాలనే ఉద్దేశంతో అనేకులు ఇతరుల వేదికలలో తమ లింకులను చొప్పించేవారు. 2005 జనవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ‘నోఫాలో’ అనే గుర్తును ఆమోదించాయి. ఆ గుర్తు ఉన్న లింకును అన్వేషణ ఫలితాల నిర్ణయంలో లెక్కించబోమని ప్రకటించాయి. తలుపు మూయకుండానే దొంగకు దక్కే లాభాన్ని తగ్గించిన చర్య ఇది.

వ్యవసాయ సమాచార వేదికలలో కనిపించే అవాంఛిత సందేశాలను నష్ట తీవ్రతను బట్టి మూడు రకాలుగా విభజించవచ్చును. మొదటిది, కేవలం చికాకు కలిగించే ప్రకటనలు. రెండవది, ‘ఈ మందు చల్లితే అన్ని తెగుళ్ళూ పోతాయి’ అనే తీరులో పైరుకు, పెట్టుబడికి నష్టం కలిగించే తప్పుడు సిఫార్సులు. మూడవది, పి.ఎం. కిసాన్ వంటి ప్రభుత్వ పథకాల పేరుతో ఏపీకే ఫైళ్ళు పంపి బ్యాంకు ఖాతాలను ఖాళీ చేసే మోసాలు. ఈ మూడింటికీ ఒకే మందు వాడుట సరికాదు.

కట్టుదిట్టాల భారం ఎవరిపై పడుతున్నది?

స్పామ్‌ను అడ్డుకొనుటకు సాధారణంగా నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నవి: కాప్చా, ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ, గుర్తింపు పత్రాల తనిఖీ, ప్రచురణకు ముందు నిర్వాహకుని ఆమోదం. నాలుగూ సమంజసంగానే కనిపిస్తాయి. కాని ఒక్కొక్కదాని భారం ఎవరిపై పడుతున్నదో పరిశీలించవలసి ఉన్నది.

కాప్చా అనే పేరును 2000 దశకం ఆరంభంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడుకలోకి తెచ్చారు. వంకర అక్షరాలను చదివి టైపు చేయుట ద్వారా తాను యంత్రం కానని మనిషి రుజువు చేసుకోవాలి. తెలుగు మాత్రమే చదవగలిగిన రైతుకు ఆ అక్షరాలు ఆంగ్లంలో ఎదురైనప్పుడు, ఆ పరీక్ష మనిషినీ యంత్రాన్నీ వేరు చేయదు. ఆంగ్లం వచ్చినవారినీ రానివారినీ వేరు చేస్తుంది. చూపు మందగించిన వృద్ధ రైతుకు అది మరింత కష్టం.

ఓటీపీ విషయంలో, ఇంట్లో ఉన్న ఒకే ఫోను భర్త పేరనో కుమారుని పేరనో ఉన్నప్పుడు మహిళా రైతు తన పేరుతో ప్రశ్న అడగలేదు. పొలంలో కలుపు తీసేది, పురుగును ముందుగా గమనించేది తరచుగా ఆమెయే అయినా, ఆమె పరిశీలన వేదికకు చేరదు.

పట్టాదారు పాసుపుస్తకం నంబరు అడుగుట ఇంకా పెద్ద అవరోధం. డెల్టా ప్రాంతంలో కౌలు సేద్యం విస్తృతంగా ఉన్నది. కౌలురైతు పేరు భూమి రికార్డులలో ఉండదు. ఈ లోపాన్ని సరిదిద్దుటకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టం, అటుపై 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రుణం, బీమా వంటి డబ్బు వ్యవహారాలలో పత్రాలు అడుగుట అర్థం చేసుకోదగినదే. మినుములో పల్లాకు తెగులు గురించి ఒక ప్రశ్న అడుగుటకు కూడా అదే పత్రం అడిగినచో, అసలు సేద్యం చేస్తున్నవాడు బయటే నిలిచిపోతాడు.

ముందస్తు ఆమోదం వలన కలిగే నష్టం కాలహరణం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. డెల్టాలో అది వరి కోతల కాలం. పనలు పొలంలో ఉన్న రైతుకు, కోతకు వచ్చిన పైరు నిలిచి ఉన్న రైతుకు సలహా గంటలలో అందాలి. నిర్వాహకుడు మరునాడు ఆమోదించే ప్రశ్నకు వచ్చే సమాధానం తడిసిన ధాన్యాన్ని కాపాడదు.

ఇందుకు భిన్నంగా, వృత్తిగా స్పామ్ పంపేవారు కాప్చాలను కూలికి మనుషులను పెట్టి పరిష్కరింపజేస్తారు. సిమ్ కార్డులను గుత్తగా సంపాదిస్తారు. కనుక ద్వారం వద్ద పెట్టిన ప్రతి పరీక్షను మోసగాడు వ్యాపార వ్యయంగా భరిస్తాడు. సామాన్య రైతు భరించలేక వెనుదిరుగుతాడు.

రెండు రకాల పొరపాట్లు

యంత్రాలు చేసే వడపోతలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. స్పామ్‌ను మంచి సందేశంగా భావించి వదలుట ఒకటి. మంచి సందేశాన్ని స్పామ్‌గా భావించి ఆపుట రెండవది. ఈ రెండవ పొరపాటు తీవ్రతను ఒక ఊహా ఉదాహరణతో గ్రహించవచ్చును.

ఒక వేదికకు 2,000 సందేశాలు వచ్చాయని, వాటిలో 100 స్పామ్ అని అనుకుందాం. వడపోత యంత్రం స్పామ్‌లో 95 శాతాన్ని పట్టుకొంటుందని, మంచి సందేశాలలో 5 శాతాన్ని పొరపాటున ఆపుతుందని భావిద్దాం. అప్పుడు పట్టుబడిన స్పామ్ 95. మిగిలిన 1,900 మంచి సందేశాలలో పొరపాటున ఆగినవి కూడా 95. అనగా ఆగిపోయిన ప్రతి రెండు సందేశాలలో ఒకటి నిజమైన రైతుది. ‘95 శాతం కచ్చితత్వం’ అనే మాట వెనుక ఈ లెక్క దాగి ఉన్నది. స్పామ్ పాలు ఇంకా తక్కువగా ఉన్న వేదికలో ఆగిపోయిన వాటిలో నిజమైన సందేశాల వాటా మరింత పెరుగుతుంది.

తెలుగు సందేశాల విషయంలో ఈ ప్రమాదం అధికం. మందు, ధర, విత్తనం, అమ్మకం, ఫోన్ చేయండి – ఇవి ప్రకటనలో వచ్చే మాటలే కాదు. రైతు రోజూ వాడే మాటలు కూడా. తెలుగును ఆంగ్ల లిపిలో వ్రాసే అలవాటు మరొక చిక్కు. ఇతర భాషల సందేశాలతో తర్ఫీదు పొందిన వడపోతను యథాతథంగా తెచ్చి వాడుట, వేరొక నేలకు సిఫార్సు చేసిన ఎరువుల మోతాదును పరీక్షించకుండా ఇక్కడ వేయుట వంటిది.

తెలుగు వికీపీడియా అనుభవం

తలుపు తెరిచి ఉంచి కూడా దీర్ఘకాలం నిలిచిన ఉచిత వేదికకు తెలుగు వికీపీడియా చక్కని ఉదాహరణ. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలతో పాటు వాటి చుట్టూ ఉన్న గ్రామాలకు కూడా వ్యాసాలు ఉన్నవి. ఆ వ్యాసాలను చదివినవారెవరైనా, ఖాతా తెరవకుండానే సైతం దిద్దవచ్చును.

దాని రక్షణ విధానం ప్రవేశ నిషేధంపై కాక, ప్రవేశించిన తరువాత జరిగే పర్యవేక్షణపై ఆధారపడి ఉన్నది. ప్రతి మార్పు ‘ఇటీవలి మార్పులు’ పేజీలో కనిపిస్తుంది. ప్రతి వ్యాసానికి ఉన్న చరిత్రలో పాత కూర్పులన్నీ భద్రంగా ఉంటాయి. చెడగొట్టుటకు పట్టిన సమయం కంటే సరిదిద్దుటకు పట్టే సమయం తక్కువ కావుట ఈ ఏర్పాటులోని కీలకం. కొత్త వాడుకరి బయటి లింకు చేర్చినప్పుడు మాత్రమే అదనపు పరీక్ష ఎదురవుతుంది. తరచు దుర్వినియోగమయ్యే లింకుల జాబితా వికీమీడియా ప్రాజెక్టులన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది. పదేపదే దాడికి గురయ్యే పేజీని నిర్ణీత కాలంపాటు సంరక్షిస్తారు. గడువు తీరగానే అది మళ్ళీ తెరుచుకొంటుంది.

ఈ అనుభవంలో లోపాలు లేకపోలేదు. వికీమీడియా ప్రాజెక్టులలో చాలాకాలం కాప్చా ఆంగ్ల అక్షరాలతోనే ఉన్నది. కాపలా కాసే వారి సంఖ్య చిన్న భాషల వికీలలో ఎప్పుడూ తక్కువే. ఇతర భాషల వికీపీడియాలు ఇదే ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు వెదికాయి. 2005 డిసెంబరులో ఆంగ్ల వికీపీడియా ఖాతా లేనివారు కొత్త వ్యాసం ప్రారంభించుటను నిలిపివేసింది. ఉన్న వ్యాసాన్ని దిద్దుటకు మాత్రం అనుమతి కొనసాగించింది. 2008లో జర్మన్ వికీపీడియా కొత్తవారి దిద్దుబాట్లను అనుభవజ్ఞులు చూసిన తరువాతనే పాఠకులకు చూపే పద్ధతిని చేపట్టింది. 2020లో పోర్చుగీసు వికీపీడియా ఖాతా లేని దిద్దుబాట్లను నిలిపివేసింది. కాపలాదారుల బలం, దాడి తీవ్రత ఎక్కడికక్కడ వేరు కనుక, అందరికీ ఒకే కొలత కుదరదని దీనివలన స్పష్టమవుతున్నది.

సమగ్ర సస్యరక్షణ సూత్రాల అన్వయం

వరిలో సుడిదోమ యాజమాన్యం ఈ సమస్యను అర్థం చేసుకొనుటకు తోడ్పడుతుంది. ఒక్క దోమ కనిపించగానే మందు పిచికారీ చేయమని ఏ శాస్త్రవేత్తా సిఫార్సు చేయరు. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలు కనిపించే వరకు వేచి చూడమంటారు. తొందరపడి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడిన పొలాలలో సాలీళ్ళు, మిరిడ్ నల్లుల వంటి మిత్ర జీవులు నశించి, సుడిదోమ ముందుకంటే ఉధృతంగా విజృంభించుట తెలిసిన విషయమే. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయుట వలన గాలి, వెలుతురు సోకి దోమకు అనువైన వాతావరణం తగ్గుతుంది.

ఈ క్రమాన్ని సమాచార వేదికకు అన్వయించినచో ఐదు సూత్రాలు లభిస్తాయి.

మొదటిది, అనువైన వాతావరణాన్ని తగ్గించుట. కొత్తవారి సందేశాలలో లింకులు పనిచేయకుండా చేయుట, ఫైళ్ళు జతచేసే వీలు తొలగించుట కాలిబాటల వంటివి. ప్రశ్న అడిగే రైతుకు వీటి వలన ఇబ్బంది ఉండదు. స్పామ్ పంపేవారికి మాత్రం ప్రయోజనం పోతుంది.

రెండవది, నిఘా. లింగాకర్షక బుట్టలు పురుగును అరికట్టుటకంటే ముందు దాని ఉనికిని తెలుపుతాయి. అదే విధంగా ప్రతి కొత్త సందేశం ఒకేచోట కనిపించే జాబితా ఉండాలి. ప్రతి రోజూ ఎవరో ఒకరు దానిని చూడాలి.

మూడవది, ఆర్థిక నష్టపరిమితి స్థాయి. చికాకు కలిగించే ప్రకటన ఒకటి రెండు గంటలు నిలిచినా నష్టం స్వల్పం. ఏపీకే ఫైలు పది నిమిషాలు నిలిచినా నష్టం భారీగా ఉండవచ్చును. చర్య తీవ్రతను సందేశాల సంఖ్యను బట్టి కాక, కలిగే నష్టాన్ని బట్టి నిర్ణయించాలి.

నాల్గవది, మిత్ర జీవుల సంరక్షణ. తప్పును చూసి తెలియజేసే వాడుకరులే వేదికకు మిత్ర పురుగులు. వారి సందేశాలను కారణం చెప్పకుండా తొలగించినచో వారు మళ్ళీ రారు. వారు పోయిన తరువాత మిగిలేది నిర్వాహకుడు, స్పామ్ మాత్రమే.

ఐదవది, రసాయన చర్య చివరి అస్త్రం. ఖాతా నిషేధం, పేజీ మూసివేత వంటివి అవసరమే. కాని వాటికి గడువు ఉండాలి. పొరపాటు జరిగినచో సరిదిద్దుకొనే మార్గం ఉండాలి. ఒకే మందును పదేపదే వాడినప్పుడు పురుగు తట్టుకొనే శక్తి పెంచుకొన్నట్లే, ఒకే వడపోతపై ఆధారపడినచో స్పామ్ పంపేవారు దానిని దాటే ఉపాయం నేర్చుకొంటారు.

విస్తరణ సేవలలో ఆచరణ

విస్తరణ రంగంలో ఈ దృష్టికి పూర్వోదాహరణలు ఉన్నవి. 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయుటకు భూమి పత్రం అక్కరలేదు. దేశంలో వాణిజ్య సందేశాల నియంత్రణకు టెలికాం నియంత్రణ సంస్థ 2018లో తెచ్చిన నిబంధనలు గుత్తగా సందేశాలు పంపేవారిని నమోదు చేసుకోమంటాయి. సందేశం అందుకొనేవారిపై ఆ భారం మోపవు. అదే ఏడాది వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి విధించింది. 2020లో విస్తృతంగా చక్కర్లు కొట్టే సందేశాలకు ఆ పరిమితిని ఒక్క చాట్‌కు కుదించింది. మాటను ఆపకుండా, వ్యాప్తి వేగాన్ని మాత్రమే తగ్గించిన చర్య ఇది. మూడింటిలోనూ ఉన్న నీతి ఒక్కటే: భారం గుత్తగా పంపేవానిపై పడాలి గాని, ఒక్క ప్రశ్న అడిగేవానిపై పడరాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత రైతుల నిమిత్తం ఉచిత వేదిక నిర్వహించదలచినవారు ప్రవేశాన్ని నాలుగు అంచెలుగా ఏర్పరచవచ్చును.

చదువుటకు ఎటువంటి నమోదు ఉండరాదు.

ప్రశ్న అడుగుటకు పేరు, ఊరు చాలు. రోజుకు కొన్ని ప్రశ్నలనే పరిమితి యంత్రాలను అడ్డుకొంటుంది, రైతును అడ్డుకోదు. టైపు చేయలేనివారు మాటలలో చెప్పి పంపే వీలు, పరీక్ష తప్పనిసరి అయినచో అది తెలుగులోనే ఉండుట అవసరం. ‘ఇవాళ ఏ వారం?’ వంటి సులభమైన తెలుగు ప్రశ్న చిన్న వేదికకు సరిపోవచ్చును.

లింకులు, అమ్మకపు వివరాలు చేర్చుటకు కొద్ది రోజుల పాల్గొనుట గాని, ఒక నిర్వాహకుని పరిశీలన గాని ఉండాలి. విత్తనం అమ్మే రైతుకు, వ్యాపార ప్రకటనకు తేడా తెలుసుకొనుటకు మనిషి చూపు తప్పదు. అమ్మకాలకు ప్రత్యేక విభాగం ఉన్నచో వివాదాలు తగ్గుతాయి.

మందు పేరు, మోతాదు తెలిపే సమాధానాలను వెంటనే చూపవచ్చును గాని, వాటిపై ‘శాస్త్రవేత్త పరిశీలించవలసి ఉన్నది’ అనే గుర్తు ఉండాలి. విశ్వవిద్యాలయ సిఫార్సుతో సరిచూసిన తరువాత ఆ గుర్తును తొలగించాలి. రైతు అనుభవాన్ని తొక్కిపెట్టకుండా, దానికి శాస్త్రీయ ఆమోదం ఉన్నదనే భ్రమ కలగకుండా ఈ పద్ధతి కాపాడుతుంది.

కాపలా కాసే వారెవరనే ప్రశ్నకు సమాధానం దగ్గరలోనే ఉన్నది. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల వంటి కళాశాలల విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో ఉండి రైతులతో కలిసి పనిచేస్తారు. వంతుల వారీగా కొత్త సందేశాలను చూచుట, అనుమానాస్పదమైన వాటిని గుర్తించుట, ఆగిపోయిన ప్రశ్నలను విడుదల చేయుట వారికి అప్పగించినచో, రైతు భాషను, సమస్యను చదువుకొనే అవకాశం కూడా వారికి కలుగుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజులలో తలుపు బిగించుటకు బదులు కాపలాదారుల సంఖ్య పెంచుట మేలు.

ఫలితాలను కొలిచే విధానం కూడా మారాలి. ఎన్ని స్పామ్ సందేశాలు తొలగించబడినవనే లెక్క ప్రతి నిర్వాహకుని వద్ద ఉంటుంది. దానితో పాటు మూడు అంకెలను నమోదు చేయాలి: పొరపాటున ఆగిన మంచి సందేశాలు ఎన్ని, అవి విడుదల కావటానికి ఎంత సమయం పట్టినది, నమోదు ప్రయత్నం మొదలుపెట్టి మధ్యలో వదలివేసినవారు ఎందరు. ఈ మూడవ అంకె లేనిచో, లోనికి రాలేక తిరిగిపోయిన కౌలురైతు, మహిళా రైతు ఏ నివేదికలోనూ కనిపించరు. వేదిక శుభ్రంగా ఉన్నదనే తృప్తి మాత్రం మిగులుతుంది.

ముగింపు

పురుగు ఒక్కటి కూడా లేని పొలం సస్యరక్షణ లక్ష్యం కాదు. రైతుకు దిగుబడి దక్కుట లక్ష్యం. ఉచిత సమాచార వేదిక విషయంలో కూడా స్పామ్ బొత్తిగా లేకపోవుట గమ్యం కారాదు. అవసరమున్నవాని ప్రశ్న సకాలంలో చేరి, నమ్మదగిన సమాధానం అందుట గమ్యం కావాలి. నష్ట తీవ్రతను బట్టి అంచెలంచెలుగా చర్యలు తీసుకొనుట, ప్రతి చర్యనూ వెనక్కు తీసుకొనే వీలు ఉంచుట, నిఘాను మనుషుల చేతిలో నిలుపుట – ఈ మూడు పాటించినచో కాలువ చివరి భూమి సాగుచేసే రైతుకు కూడా తలుపు తెరిచి ఉంచుట సాధ్యమవుతుంది.